తుఫానుకు ముందు తలుపు తట్టేవారు

బంగాళాఖాతం ఉగ్రరూపం మనకు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను తెలుగువారు నేటికీ మరువలేదు. అదే సముద్రం అంతకు ఏడేళ్ల ముందు, 1970 నవంబరు 12 రాత్రి, నాటి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా తీరంలో కనీసం మూడు లక్షల ప్రాణాలను బలిగొన్నది. తుఫాను వస్తున్నదని అధికారులకు తెలియకపోలేదు. ఆ మాట గుడిసె గడప దాకా చేరలేదు. చేరినచోట నమ్మినవారు తక్కువ.

ఆ విషాదం నుండే 1972లో బంగ్లాదేశ్‌లో తుఫాను సంసిద్ధతా కార్యక్రమం పుట్టింది. ప్రభుత్వమూ రెడ్ క్రెసెంటూ కలిసి నడిపే ఈ వ్యవస్థకు జీతం లేని గ్రామ సేవకులే బలం. ప్రమాద తీవ్రతను బట్టి ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగురవేస్తారు. మెగాఫోను, చేతితో తిప్పే సైరను పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. మసీదు మైకుల నుండీ ప్రకటనలు వెలువడతాయి. రోజూ అజాన్ వినిపించే ఆ గొంతుపై ఊరివారికి ఉన్న నమ్మకం రేడియోపై ఎక్కడ ఉంటుంది?

అయినా 1991 ఏప్రిల్ 29 రాత్రి వచ్చిన తుఫానులో దాదాపు 1,38,000 మంది మరణించారు. ఇక్కడ మనం కాస్త ఆగవలసి ఉన్నది. 20 నుండి 44 ఏళ్ల వయసువారిలో మృతులు వెయ్యికి పురుషులు 15 మంది, స్త్రీలు 71 మంది! హెచ్చరిక అందిన ఇళ్లలోనూ ఇల్లాలికి సందేహాలే. భర్త ఇంట లేడు, ఆయన అనుమతి లేకుండా కదలడమెలా? పరపురుషులతో కిక్కిరిసిన ఆశ్రయ భవనంలో ఎక్కడ కూర్చోవాలి? చంకలో బిడ్డ, కాళ్లకు చుట్టుకునే చీర. పర్దాను నిందించడం తేలిక. స్త్రీలకు వేరే గదీ మరుగుదొడ్డీ లేకుండా భవనం కట్టినవారిని ముందు ప్రశ్నించాలన్నది మా అభిప్రాయం.

ఒకప్పుడు 15 మంది దళంలో స్త్రీలు ఐదుగురే. నేడు 20 మందిలో పదిమంది. మొత్తం సేవకులు 76 వేల పైచిలుకు. తలుపు తట్టింది స్త్రీ అయితే లోపలి స్త్రీతో నేరుగా మాట్లాడగలదు. ఆవును వదిలి రాలేని కుటుంబాల కోసం పశువులకు ఎత్తయిన మట్టిదిబ్బలూ వెలిశాయి. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు, కరోనా భయం నడుమనే, ఇరవై లక్షలకు పైగా ప్రజలను తరలించారు. ఆ దేశంలో మృతులు ముప్పైకి మించలేదు.

మన తీర గ్రామాల్లోనూ తుఫాను భవనాలున్నాయి. తాళం ఎవరి వద్ద ఉన్నదో, స్త్రీలకు వేరే గది ఉన్నదో లేదో మసీదు కమిటీలు ఒకసారి చూసి రావచ్చు. మైకుకు బ్యాటరీ ఉన్నదా అన్నదీ చూడాలి. గాలివానలో మొదట పోయేది కరెంటే.