వాక్యంలో కర్త ఎవరు?

బెంగళూరు హూడిలోని మా ఇంట్లో తెలుగు పేపరు పొద్దున్నే ముందు నా చేతికొస్తుంది. నేను కాఫీ తాగేలోపు మనవరాలు లాక్కుంటుంది. దానికి తెలుగు చదవడం ఈమధ్యే పట్టుబడింది. మొన్న గట్టి వాన పడ్డ మర్నాడు ‘వరుణుడి ఉగ్రరూపం’ అని కూడబలుక్కుని, “వరుణుడికి ఎందుకు కోపమొచ్చింది తాతయ్యా?” అంది.

ఆ ప్రశ్న నన్ను రోజంతా వదల్లేదు. ఎండలు ముదిరితే భానుడి భగభగలు, వానలొస్తే వరుణుడి ప్రతాపం. చదవడానికి సొంపుగానే ఉంటుంది, నాకూ చిన్నప్పట్నుంచీ అలవాటే. కానీ బళ్లో నేర్చుకున్న కర్త, కర్మ, క్రియ గుర్తుందా? కర్త చోట దేవుణ్ణి కూర్చోబెట్టాక ఇక మనుషుల ఊసే రాదు.

2022 సెప్టెంబరు 5 పొద్దుటికి బెంగళూరులో 24 గంటల్లో 131.6 మిల్లీమీటర్ల వాన పడింది. వీధులు మునిగి, మా మహదేవపుర వైపు ఆఫీసులకు ట్రాక్టర్లెక్కి వెళ్లారు. ఇంతకీ మిల్లీమీటరంటే ఎంత? ఆ రోజూ వానొస్తే, మనవరాలితో డాబా మీద నిలువు అంచుల స్టీలు డబ్బా పెట్టించి, వాన వెలిశాక స్కేలు ముంచి చూడమన్నాను. “పన్నెండే!” అని చప్పబడిపోయింది పిల్ల. కూర్చోబెట్టి లెక్క చెప్పాను. చదరపు మీటరు నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీళ్లు. ఇక్కడి 30 బై 40 అడుగుల సైటు 111 చదరపు మీటర్లుంటుంది. 2022 నాటి వాన ఆ ఒక్క సైటు మీదే 14,600 లీటర్లు కురిసింది. ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు నిండి, మూడోది సగానికొస్తుంది.

రెండేళ్లు తిరక్కుండానే, 2024 వేసవికి బోర్లెండాయి. ఐదు కిలోమీటర్ల లోపైతే ఆ ఆరు వేల లీటర్ల ట్యాంకరుకు 600 రూపాయలని అధికారులే రేటు కట్టాల్సి వచ్చింది. ముంచిన నీళ్లనే కొనుక్కున్నాం మరి! ఈ ఊరి చెరువులు గొలుసుకట్టువి. పైది నిండి అలుగు పారితే రాజకాలువ అనే పెద్ద కాలువ వెంట కిందిదానికి చేరాలి. కాలువ మీద కట్టడాలొచ్చాయి, ఇంకే నేల మీద సిమెంటు పరిచాం. ఆకాశం పని ఆకాశం చేసింది, నీళ్ల దారి మూసింది మాత్రం మనుషులే.

ఆకాశంలోనూ మన చెయ్యి ఉంది, గాలిని వేడెక్కిస్తున్నది మనమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోత. దీన్ని పేపర్లు ‘వాతావరణ మార్పు’ అంటాయి. ఆ మాట దగ్గరే నాకు బెంగ. భూమి చుట్టూ ఉన్న గాలిపొరా వాతావరణమే, ఇవాళ్టి మబ్బూ వాతావరణమే, ముప్ఫై ఏళ్ల సగటూ వాతావరణమే! “వాతావరణం మారింది, గొడుగు తీసుకెళ్లు” అనే ఇంట్లో ఆ హెడ్డింగు ఎవరిని కదిలిస్తుంది? భూగోళం పుస్తకంలో మూడోదానికి శీతోష్ణస్థితి అనే పేరుంది. పలకడానికి బరువే, అయినా తేడా తెలుస్తుంది. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక 2019లో ‘మార్పు’ చాలదని, ‘సంక్షోభం’, ‘అత్యవసర పరిస్థితి’ లాంటి మాటలకు మొగ్గింది. మన విలేకరులూ ఒక పూట కూర్చుని మాటలు వెతకాలని నా కోరిక.

సాయంత్రం మనవరాలు పెన్సిలుతో ‘వరుణుడి ఉగ్రరూపం’ కొట్టేసి, కింద ‘కాలువ మూశారు, నీళ్లొచ్చాయి’ అని గుండ్రంగా రాసింది. రాసి, నా వైపు తిరిగింది.

“మూశారు అంటే ఎవరు తాతయ్యా?”