పాసుపుస్తకం లేనివాడి జైలు

కొత్త జైళ్లకు నిధుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చట్టసభల్లో గోడల ఎత్తు, బ్యారక్‌ల సంఖ్య, నిఘా కెమెరాల గురించే మాట్లాడుకుంటారు. 2021లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని కూల్చి ఆ స్థలంలో ఆసుపత్రి కట్టాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించినప్పుడూ అంతే. ఖైదీలను చర్లపల్లి తదితర జైళ్లకు తరలించారు, మామునూరులో కొత్త జైలు కడతామన్నారు. ఆ వాదోపవాదాల్లో స్థలం విలువ వినిపించింది, పాత కట్టడం చరిత్ర వినిపించింది. తరలిపోయినవారిలో శిక్ష పడినవారెందరు, జామీను దొరకక మిగిలినవారెందరు అన్న ప్రశ్న మాత్రం నాకు వినిపించలేదు.

కారాగారాలు రాష్ట్ర జాబితాలోని అంశం. 1894 నాటి జైళ్ల చట్టానికి బదులుగా కేంద్ర హోంశాఖ 2023 మేలో ఒక నమూనా చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. దానిని యథాతథంగా స్వీకరించడమా, మార్చుకోవడమా అన్నది శాసనసభల చేతిలో ఉంది. అయితే జైళ్లు కిక్కిరిసిపోవడానికి గదులు చాలకపోవడమే కారణమా? 2002-03లో కేంద్రం, రాష్ట్రాలు కలిసి 1,800 కోట్ల రూపాయలతో జైళ్ల ఆధునికీకరణ పథకం మొదలుపెట్టాయి. దాని కింద 119 కొత్త జైళ్లు, 1,572 అదనపు బ్యారక్‌లు వచ్చాయి. 2022 చివరి నాటికి 4.36 లక్షల మందికి చోటున్న దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉన్నారు. వారిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. జనాభాలో 16.6 శాతమున్న దళితులు జైళ్లలో ఐదో వంతుకు పైగా ఉన్నారు.

ఈ అంకెల వెనుక ఏముందో మా పామిడిముక్కల మండలం వైపు నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కోర్టు బెయిలు ఇస్తుంది. ఇద్దరి జామీను అడుగుతుంది. జామీనుదారుడికి ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, ప్రభుత్వోద్యోగి జీతం కాగితమో ఉండాలి. కాలువ కింద మాగాణి దున్నేవారిలో అధికులు కౌలుదారులే. మాల, మాదిగ పల్లెల్లో కౌలుకైనా నోచుకోని కూలీలు ఉన్నారు. 2019 చట్టం కింద కౌలు కార్డు వచ్చినా అది పదకొండు నెలల కాగితం, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు; కోర్టులో ఆస్తిగా చెల్లదు. కనుక జామీను కోసం పల్లె మళ్లీ ఆసామి గుమ్మం ఎక్కవలసిందే. ఆసామి సంతకం ఊరికే రాదు. కోతలకు తక్కువ కూలికి రావడం, ఎన్నికలప్పుడు చెప్పిన గుర్తుకు ఓటు వేయడం దాని వెల. అన్నిటికంటే భారమైనది మరొకటి ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద దళితులు ఫిర్యాదు చేసిన చోట అవతలివారు ఎదురు కేసు పెట్టడం మామూలైపోయింది. ఆ ఎదురు కేసులో పిల్లవాడు రిమాండుకు వెళ్తే, ఊళ్లో జామీను ఇవ్వగలిగిన ఆస్తి ఎవరి కులం చేతిలో ఉందో వెతకనక్కర లేదు. రాజీ కాగితం, జామీను కాగితం ఒకే రోజున తయారవుతాయి.

ఇది న్యాయస్థానాలకు తెలియని సంగతి కాదు. 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీమేస్త్రీకి పదివేల రూపాయల జామీను విధించి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని దిగువ కోర్టు తిరస్కరిస్తే, జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుపట్టారు. నలభై అయిదేళ్ల తరువాత, 2023 జనవరి 31న, స్థానిక జామీనుదారుల కోసం పట్టుబట్టడం విడుదలను ఆలస్యం చేస్తోందని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది.

కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలని వ్యక్తి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే, జామీనుదారులు లేకుండా సొంత బాండు మీదనే విడిచిపెట్టాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. అదే సెక్షన్‌లో మరో షరతూ ఉంది: ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. దివిసీమలో పీతలు, చేపలు పట్టి బతికే యానాదుల సంగతి ఆలోచించండి. చెరువు మీద మోటారు పోతే అనుమానం ముందు వారి గుడిసెల దగ్గరే ఆగుతుంది. ఒకసారి పట్టుబడ్డవాడిపై తేలని పాత దొంగతనాలు కూడా మోపితే, 479 తలుపు అతనికి మూసుకుపోయినట్టే.

పుట్టుకను బట్టి అనుమానించడం కొత్తేమీ కాదు. 1911 నేరస్థ జాతుల చట్టం నీడన సాల్వేషన్ ఆర్మీ నడిపిన సీతానగరం, స్టూవర్టుపురం సెటిల్‌మెంట్లు గోడలు లేని జైళ్లు. ఎరుకలవారిని అక్కడ ఉంచి, హాజరు వేసి, చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలుగా పంపారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. పదేళ్లకు ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది, 1962లో. పేరులో జాతి పోయింది, పోలీసు రిజిస్టరు మిగిలింది. జైలు లోపలి పనుల్లో, వర్గీకరణలో కులాన్ని పాటించే నియమాలను 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రిజిస్టర్లలో కులం గడి తీసేయమన్నది. గొప్ప తీర్పే. కానీ అది జైలు గేటు లోపలి కులాన్ని తాకింది. గేటు దాకా తెచ్చే కులం జామీను కాగితంలో భద్రంగా ఉంది.

పేద ఖైదీల సహాయానికి కేంద్రం ఏటా 20 కోట్ల రూపాయలు అంటోంది. 2023 మార్గదర్శకాల్లో విచారణ ఖైదీకి 40 వేల వరకు అన్నారు. జామీను రొక్కంగా అడిగినచోట ఇది పనికొస్తుంది. మనిషిని, ఆస్తిని అడిగినచోట దీనితో ఏం కొంటారు?

కనుక రాష్ట్ర కారాగార చట్టం సభ ముందుకు వచ్చినప్పుడు రెండు నిబంధనలు చేర్చాలి. బెయిలు వచ్చి కూడా వారం దాటి లోపలే ఉన్నవారి జాబితాను జైలు అధికారి ప్రతి నెలా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వాలి, ఏ కాగితం లేక ఆగిపోయారో అందులో రాయాలి. ఆ జాబితాలను సభ ముందు ఉంచాకే కొత్త బ్యారక్‌కు నిధులు అడగాలి. మొదటి జాబితా కృష్ణా జిల్లా సబ్‌జైళ్ల నుంచి వస్తే చదవాలని నాకుంది.