పుకారుకు పెట్టుబడి ఎవరిది?

2023 మార్చిలో, ఉగాదికి ముందురోజు, నటుడు కోట శ్రీనివాసరావు ఇక లేరన్న కబురు సోషల్ మీడియా అంతా పాకింది. అప్పటికి ఆయన ఇంట్లో నిక్షేపంగా ఉన్నారు. పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఆ వెనకే పోలీసులు. ఎనభై ఏళ్ల మనిషి తాను బతికే ఉన్నానని వీడియో చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. డబ్బు సంపాదించుకోవడానికి వేరే దారులు చాలా ఉన్నాయి కదా అని అందులో ఆయన బాధపడ్డారు. అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. ఇలాంటివి జరిగినప్పుడు పుకారు పుట్టించినవాణ్ని తిడతాం, వెనకాముందూ చూడకుండా ఫార్వర్డ్ చేసిన బాబాయిని తిడతాం. పుకారును గిట్టుబాటు వ్యాపారంగా మార్చిన డబ్బు ఎక్కడిదని మాత్రం అడగం. అది చాలావరకు ప్రకటనల డబ్బు. సబ్బులు, ఫోన్లు, ఫ్లాట్లు, స్కూలు సీట్లు అమ్ముకునే మర్యాదస్తుల డబ్బు. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో సలహా ఇచ్చేది మార్కెటింగ్ వృత్తిలో ఉన్నవాళ్లం కాబట్టి, ఈ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాల్సింది మేమే.

ఈ వ్యాపారం లోగుట్టు ప్రపంచానికి తెలిసింది ఇప్పుడు ఉత్తర మాసిడోనియాగా పిలుస్తున్న దేశంలోని వెలెస్ అనే చిన్న పట్టణం వల్ల. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఆ ఊరి కుర్రాళ్లు అమెరికా రాజకీయాల మీద వందకు పైగా వెబ్‌సైట్లు నడిపారు. ట్రంప్ గెలిస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. బెర్నీ శాండర్స్ అభిమానుల కోసం రాసి చూసినవాళ్లూ ఉన్నారు. ట్రంప్ అభిమానుల నుంచి క్లిక్కులు ఎక్కువ పడటంతో అటు మళ్లారు. ఓ కథ అల్లడం, ఫేస్‌బుక్ గ్రూపుల్లో లింకు వదలడం, వచ్చినవాళ్లకు గూగుల్ యాడ్స్ చూపించడం, డబ్బు అందుకోవడం, అంతే పని. వాళ్లలో చాలామందికి రాజకీయం సరుకు మాత్రమే. అబద్ధాలకు వెనక ఎప్పుడూ ఏదో ఒక పార్టీయో, సిద్ధాంతమో ఉంటుందనుకునేవారు వెలెస్‌ను గుర్తుపెట్టుకోవాలి.

మరి పేరున్న కంపెనీ ప్రకటన అలాంటి పేజీలోకి ఎలా చేరుతుంది? పత్రికకు ప్రకటన ఇస్తే ఏ పత్రికో, ఏ పేజీయో ఇచ్చేవారికి తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కొనేది చోటును కాదు, మనిషిని. మీరు నిన్న ఏదో షాపింగ్ సైట్లో మిక్సీ చూశారనుకుందాం. ఇవాళ గ్రూపులో వచ్చిన లింకు నొక్కారు. పేజీ తెరుచుకునే ఆ రెప్పపాటులో, మీ కళ్ల ముందు యాడ్ పెట్టే అవకాశం వేలానికి వెళుతుంది. మిక్సీ కంపెనీ తరఫున ఓ సాఫ్ట్‌వేర్ పాట పాడుతుంది. గెలిచిన కంపెనీ బొమ్మ తెర మీద పడుతుంది. ఆ పేజీలో ఉన్నది కష్టపడి రాసిన కథనమా, కషాయంతో క్యాన్సర్ మాయం అనే బూటకమా అన్నది చాలాసార్లు ఆ పాటలో లెక్కకే రాదు. యూట్యూబ్‌లో అయితే మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటన ఆదాయంలో 55 శాతం ఛానల్‌కు వెళుతుంది. పట్టుబడనంత కాలం నిజానికీ అబద్ధానికీ వాటా ఒకటే. ఖర్చు మాత్రం ఒకటి కాదు. నిర్ధారించుకున్న వార్తకు విలేకరి కావాలి, జీతం కావాలి, సమయం కావాలి. చావు పుకారుకు పాత ఫొటో, దాని మీద ఎర్రటి అక్షరాలు చాలు.

పైగా అబద్ధానికి కాళ్లు చురుకు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. నిజం కంటే అబద్ధాన్ని ఇతరులు పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. ఈ తేడాకు కారణం రోబో ఖాతాలు కావు, మనుషులే. కొత్తగా, ఆశ్చర్యంగా అనిపించేదే మనం నలుగురికీ చెబుతాం. చూపులను బట్టి డబ్బిచ్చే చోట ఈ మానవ స్వభావం మీదే ఆదాయం పండుతుంది.

కాబట్టి తమ యాడ్స్ ఏ సైట్లలో పడాలో ప్రకటన ఇచ్చేవారే ఎంచుకోవాలి. దీనికి వ్యాపారుల నుంచి ఎప్పుడూ వచ్చే అభ్యంతరం ఒకటుంది. సైట్లను ఏరుకుంటూ కూర్చుంటే తక్కువమందికి చేరతాం, అమ్మకాలు పడిపోతాయి అంటారు. జరిగింది చూద్దాం. జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు ప్రకటనలు నెలకు సుమారు 4,00,000 సైట్లలో కనిపించేవి. 2017లో బ్యాంకు తానే పరిశీలించి వాటిని 5,000కు కుదించింది. ఫలితాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అదే ఏడాది ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఒక్క త్రైమాసికంలో 10 కోట్ల డాలర్లకు పైగా డిజిటల్ ప్రకటనలు ఆపేసింది, అమ్మకాలు పెద్దగా కదల్లేదు. అమెరికా ప్రకటనకర్తల సంఘం 2023లో లెక్క తీస్తే ఒక్కో ప్రచారం సగటున 44,000 సైట్లకు చెదిరిపోతోందని, ఖర్చులో 15 శాతం కేవలం యాడ్స్ చూపించడానికే పుట్టిన సైట్లకు పోతోందని తేలింది. ఆ సైట్లన్నీ అబద్ధాలు రాస్తాయని కాదు. కానీ ఎవరూ చూడని ఆ మూలల్లోనే పుకారు దుకాణాలకూ చోటు దొరుకుతోంది.

ఇది ప్లాట్‌ఫారాలే చూసుకోవాలి కదా అనేవారున్నారు. చూసుకోవాలి, నిజమే. కానీ వాటి లాభం ఎటుందో చూడండి. 2024 ఆదాయంలో సుమారు 10 శాతం మోసపు ప్రకటనలు, నిషిద్ధ వస్తువుల ప్రకటనల నుంచే వస్తుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అంచనా వేసుకున్నట్టు ఆ కంపెనీ అంతర్గత పత్రాల ఆధారంగా 2025 నవంబరులో రాయిటర్స్ రాసింది. ఆ అంచనా వాస్తవానికి మించినదని మెటా అంటోంది. అందులో సగమే నిజమైనా, అంత ఆదాయాన్ని తనంతట తాను వదులుకుంటుందని నమ్మి కూర్చోవడం కష్టం.

నాకు బరువుగా అనిపించే అభ్యంతరం మరొకటి. అతి జాగ్రత్త మంచి వార్తలనే దెబ్బతీస్తుందన్నది. 2020లో 'కరోనా' అన్న మాట ఉన్న పేజీలన్నిటికీ చాలా బ్రాండ్లు యాడ్స్ ఆపేశాయి. జనం నమ్మకమైన సమాచారం కోసం పత్రికల సైట్లకు పరిగెత్తిన రోజుల్లోనే ఆ సైట్లకు ఆదాయం తెగింది. అందుకే నిషిద్ధ పదాల పట్టిక తప్పుడు మందు. కాదనాల్సినవి వెతకడం కంటే, బాధ్యతగా పనిచేసే సైట్లను, ఛానళ్లను పేరుపేరునా ఎంచుకుని వాటికే ఇవ్వడం మేలు. ఇది భావస్వేచ్ఛకు అడ్డు కాదు. ఎవరికైనా మాట్లాడే హక్కుంది, నా క్లయింటు డబ్బు మీద హక్కు లేదు.

వాట్సాప్ చాట్లలో యాడ్స్ లేకుండానే పుకార్లు తిరుగుతాయి కదా అంటే, తిరుగుతాయి. డబ్బు ఆశించకుండా, కక్షతోనో నమ్మకంతోనో పంచేవారిని ఈ మార్గం ఆపలేదు. కానీ ఆ ఫార్వర్డుల్లో ఉండే లింకు నొక్కితే తేలేది తరచూ యాడ్స్ ఉన్న పేజీలోనో వీడియోలోనో. ఆ యాడ్స్ డబ్బు ఊట తగ్గితే, రోజుకు పది కథలు అల్లి బతికేవారిలో కొందరైనా వేరే పని చూసుకుంటారు.

కరీంనగర్‌లో నగల దుకాణమైనా, కాకినాడలో కోచింగ్ సెంటరైనా సైట్లను ఎంచుకునే ఈ పని మొదలుపెట్టవచ్చు. తమ యాడ్స్ ఏయే సైట్లలో, ఏయే ఛానళ్లలో పడ్డాయో గూగుల్ యాడ్స్ ఖాతాలో రిపోర్టు ఉంటుంది. వద్దనుకున్నవాటిని తీసేయవచ్చు. ఏజెన్సీ చేతిలో పెట్టినవారు వ్యూస్ లెక్కతో పాటు ఆ జాబితా కూడా నెలనెలా అడగాలి. అలా చేస్తే వ్యూస్ తగ్గుతాయి, ఒక్కో వ్యూకు రేటు కాస్త పెరుగుతుంది. ఆ తేడా భరించడానికి క్లయింటును ఒప్పించడం మా ఉద్యోగంలో భాగం.