గాలి ఒత్తిడి, మనిషి దేహం: నౌపడ తీరం నుంచి లేహ్ దాకా

భూమిని ఆవరించిన గాలికి బరువు ఉంది. ఆ బరువు వల్ల ప్రతి వస్తువు మీద అన్ని వైపుల నుంచీ పడే ఒత్తిడినే వాతావరణ పీడనం అంటారు. పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసపు తొట్టిలో బోర్లిస్తే, బయటి గాలి ఒత్తిడి వల్ల గొట్టంలో పాదరసం దాదాపు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుందని 1643 ప్రాంతంలో ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి ప్రయోగం తేల్చింది. నేటి కొలమానంలో సముద్రమట్టం వద్ద దీని సగటు 1013 హెక్టోపాస్కల్స్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో.

ఆ లెక్కన శ్రీకాకుళం (సిక్కోలు) జిల్లా నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి ఒంటి మీద పడే గాలి ఒత్తిడి మొత్తం కలిపి పదిహేను టన్నుల పైమాటే. అయినా మనిషి నలిగిపోడు. ఒంట్లోని రక్తం, కండరాల్లోని ద్రవాలు, ఊపిరితిత్తుల్లోని గాలి అదే పీడనంతో బయటికి నెడుతుంటాయి. ఈ సమతుల్యం హఠాత్తుగా చెదిరినప్పుడు, లేదా పీడనం బాగా తగ్గి ప్రాణవాయువు చాలనప్పుడు దేహానికి కష్టం మొదలవుతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అదే జిల్లాలోని పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కేంద్రంలో పీడనం సుమారు 970 హెక్టోపాస్కల్స్‌కు పడిపోయింది. మామూలు కన్నా నలభై తక్కువైన ఆ పీడనం, దేహం వరకు చూస్తే, దాదాపు 350 మీటర్ల కొండ ఎక్కడంతో సమానం. ఆరోగ్యవంతులు దాన్ని గుర్తించనైనా గుర్తించరు. అయితే చుట్టూ ఉన్న అధిక పీడన ప్రాంతం నుంచి గాలి ఆ లోటును పూడ్చడానికి పరుగెత్తడం వల్లనే గంటకు 140 కిలోమీటర్లు దాటిన ఈదురుగాలులు పుట్టి, ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలను కూల్చివేశాయి. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రమట్టం ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. దానికి గాలి నెట్టుకొచ్చే నీరు తోడై ఉప్పెన అవుతుంది.

ఎత్తుకు వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది. 1501 మీటర్ల మహేంద్రగిరి శిఖరం మీద అది దాదాపు 845 హెక్టోపాస్కల్స్. అక్కడ గట్టిగా మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసాను పలాసకు దించితే, బయటి ఒత్తిడి పెరిగి దాని పక్కలు లోపలికి సొట్టపోతాయి. కొండ దిగేటప్పుడు, విమానం కిందికి వాలేటప్పుడు చెవిలో జరిగేదీ ఇదే: కర్ణభేరి వెనక చిక్కిన గాలి పీడనం బయటి కన్నా తక్కువై, కర్ణభేరి లోపలికి లాగినట్లై నొప్పి పుడుతుంది. గుటక వేసినా ఆవులించినా, మధ్యచెవిని గొంతు వెనక భాగంతో కలిపే సన్నని నాళం తెరుచుకుని రెండు వైపులా పీడనం సర్దుకుంటుంది. జలుబు ఉన్నప్పుడు ఆ నాళం మూసుకుపోతుంది కనుక నొప్పి ఎక్కువవుతుంది.

ఇంకా పైకి వెళితే ప్రమాదం వేరు. హిమాలయాల్లో 3500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా 21 శాతమే అయినా, పీడనం తగ్గినందువల్ల ప్రతి శ్వాసలోనూ ఊపిరితిత్తులకు అందేది తక్కువ. సైన్యంలో చేరి సముద్రతీరం నుంచి హిమాలయాలకు వెళ్లే సిక్కోలు యువకులకైనా, యాత్రికులకైనా తలనొప్పి, వికారం, నిద్రలేమి రావడానికి కారణం ఇదే. మొదటి రోజులు విశ్రాంతి తీసుకుని క్రమంగా ఎత్తు పెంచుకుంటే, శ్వాస వేగం పెరిగి, తర్వాతి వారాల్లో రక్తంలో ఎర్రకణాలూ పెరిగి దేహం అలవాటుపడుతుంది. ఆయాసం ముదిరినా, నడక తడబడినా, మతి తప్పినా వెంటనే కిందికి దిగి వైద్యం పొందాలి, ఆలస్యమైతే ప్రాణాపాయం.

నిదానంగా వచ్చే మార్పును దేహం చాలావరకు సర్దుకోగలదు, తొందరను సహించలేదు. కొండలకు వెళ్లేవారు ఆ తొందర మానాలి. తీరవాసులు మాత్రం అల్పపీడనం బలపడి తుపానుగా మారుతోందన్న కబురు అందగానే, ఒంట్లో ఏ తేడా తెలియకపోయినా, వలలూ పడవలూ ఒడ్డుకు చేర్చి సురక్షిత స్థలానికి త్వరపడాలి.