ఆగిపోయిన బండిని అడిగితే మళ్లీ చేస్తారా?

పిల్లలూ, వనపర్తిలో రాజావారి కోటలో నడిచే పాలిటెక్నిక్ మీకు తెలుసు కదా. అక్కడ మెకానికల్ చదివే కుర్రవాడొకడు, నాకు మనవడి వరస, మొన్న నన్ను పట్టుకుని అడిగాడు: "తాతా, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లమంతా సంతకాలు పెట్టి పంపితే యమహా వాళ్లు ఆ బండిని మళ్లీ చేస్తారా?" వాడి బండి మేనమామ చేతి మీదుగా వచ్చింది. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 22 అనే ఉంది, ఉమ్మడి పాలమూరు నాటి గుర్తు. ఇప్పుడు కొత్త బండి కొంటే నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33.

వాడి ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి పంపెయ్యబుద్ధి కాలేదు. ముందు ఆ ఇంజన్ విప్పి చూద్దాం రండి.

ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. ఇంజన్ 98 సీసీ. బలం 11 హార్స్‌పవర్. అదే రోజుల్లో హీరో హోండా సీడీ 100 కూడా ఉండేది. దాని ఇంజన్ 97 సీసీ, అయినా బలం ఏడు చిల్లర మాత్రమే. సిలిండర్లు దాదాపు ఒకే కొలత, బలంలో ఇంత తేడా ఎందుకు? ఒకటి టూ స్ట్రోక్, ఇంకొకటి ఫోర్ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్‌లో పిస్టన్ రెండుసార్లు పైకి వెళ్లి రెండుసార్లు కిందికి వస్తే ఒక్కసారి మంట పుడుతుంది. టూ స్ట్రోక్‌లో పైకి వెళ్లి దిగిన ప్రతిసారీ మంటే. అందుకే యాక్సిలరేటర్ తిప్పగానే బండి ముందుకు దూకుతుంది.

ఆ దూకుడుకు ఒక మూల్యం ఉంది. టూ స్ట్రోక్ సిలిండర్‌కు తెరిచి మూసే వాల్వులు ఉండవు, గోడలకు కిటికీల్లా రంధ్రాలుంటాయి. పిస్టన్ కిందికి దిగినప్పుడు కొత్త పెట్రోల్-గాలి లోపలికి వచ్చే దారి, కాలిన పొగ బయటికి పోయే దారి రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. వచ్చేది పోయేదాన్ని తోసేస్తుంది. ఆ తోపులాటలో కొత్తగా వచ్చిన పెట్రోల్‌లో కొంత, ఒక్కోసారి నాలుగో వంతు దాకా, కాలకుండానే సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. దానితోపాటు ఆయిల్ కూడా మండుతుంది. ఇంజన్ కింది గది, అంటే క్రాంక్‌కేస్ గుండా పెట్రోలే ప్రయాణిస్తుంది కాబట్టి అక్కడ వేరే ఆయిల్ నిలవదు, పెట్రోల్‌తోనే ఆయిల్‌ను పంపాలి. యెజ్డీ, రాజ్‌దూత్ వాళ్లు బంకులోనే ట్యాంకులో ఆయిల్ కలిపించుకునేవారు, ఆర్‌ఎక్స్‌లో ఆ పని చిన్న పంపు చేసేది. నీలం రంగు పొగ ఆ ఆయిల్ మండగా వచ్చేదే. ఆ వాసనంటే ప్రాణమని చెప్పేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. నాయనా, మీరు పీలుస్తున్నది కాలని పెట్రోల్‌నూ సగం కాలిన ఆయిల్‌నూ. ఊపిరితిత్తులకు అది మంచిది కాదు.

సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పెట్టొచ్చు కదా అంటారు. పెట్టి చూశారు. కాలని పెట్రోల్ అంతా అక్కడికి చేరి మండితే కన్వర్టర్ విపరీతంగా వేడెక్కుతుంది. ఆయిల్ బూడిద దాని లోపలి పూతను కప్పేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అనే పొగ నియమం వచ్చింది. పెట్రోల్‌లో గంధకాన్నే పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దించిన నియమం అది. అంత గట్టి పరీక్షలో పాత ఆర్‌ఎక్స్ ఇంజన్ గట్టెక్కదు. యమహా ఇండియా పెద్దలు కూడా ఆ పేరును తేలిగ్గా వాడబోమని చెబుతూ వచ్చారు. కాబట్టి మనవడికి నా మొదటి జవాబు ఇది: మూడు జిల్లాల సంతకాలు కాదు, ముప్పై మూడు జిల్లాల సంతకాలు పంపినా ఆ ఇంజన్ రాదు. రాకపోవడమే మంచిది.

అయితే అభిమానుల మాటకు విలువే లేదా? ఉంది. జావా కథ వినండి.

మైసూరులో ఐడియల్ జావా కార్ఖానా 1961లో మొదలై 1996లో మూతపడింది. జావాలు, తర్వాత యెజ్డీలు అక్కడే పుట్టాయి. కిక్ కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా కావడం వాటి ప్రత్యేకత. కార్ఖానా పోయింది, కానీ బండ్లున్నవాళ్లు వాటిని వదల్లేదు. పాత ఇనుము కొట్లలో పార్టులు వెతికారు, లేత్ మిషన్ మీద కొత్తవి చేయించారు, ఏటా జూలై రెండో ఆదివారం ఊరూరా కలుసుకుని బండ్లు బారులు తీర్చారు. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. 2018 నవంబర్ 15న మహీంద్రా వాటా ఉన్న క్లాసిక్ లెజెండ్స్ కంపెనీ జావాను మళ్లీ తెచ్చింది. 2022 జనవరిలో యెజ్డీ కూడా వచ్చింది.

వచ్చిన బండిని మెకానిక్ కళ్లతో చూడండి. ఇంజన్ 293 సీసీ ఫోర్ స్ట్రోక్, నీళ్లతో చల్లబడేది, 27 హార్స్‌పవర్. పాత జావా 250లో బలం అందులో సగం కూడా లేదు. పాత ఇంజన్‌లోంచి ఒక్క నట్టు కూడా ఇందులోకి రాలేదు. కానీ పాత జావాకు ఒక్క సిలిండర్‌కే రెండు సైలెన్సర్లుండేవి, గుర్తుందా? కొత్త ఇంజన్‌కు ఒక్క గొట్టం చాలు. అయినా ఇంజనీర్లు కష్టపడి ఒక్క సిలిండర్‌కు రెండు దారులు పెట్టి రెండు సైలెన్సర్లు బిగించారు. ఆ రెండో సైలెన్సర్ అభిమానులు సంపాదించిందని నా నమ్మకం. ఇరవై రెండేళ్లు రోడ్డు మీద కనబడుతూ ఉండటంతో ఆ పేరుకు ఇంకా కొనేవాళ్లున్నారని కంపెనీకి అర్థమైంది. సంతకాలు ఆ పని చెయ్యలేవు.

ఇక అంబాసిడర్. ఇది నా తరం వాళ్ల గుండెకు దగ్గరి కారు. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. అంతకు తొమ్మిది రోజుల ముందే, మే 24న, బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కార్ఖానాలో హిందుస్థాన్ మోటార్స్ పని ఆపేసింది. మన మూడు ఊళ్లు జిల్లా కేంద్రాలైంది 2016 అక్టోబర్ 11న. అంటే గద్వాలకో వనపర్తికో కలెక్టర్ వచ్చేనాటికి కొత్త అంబాసిడర్ కొనాలన్నా దొరకదు. ఆ కారు ఆగిందని దేశమంతా కన్నీరు పెట్టుకుంది. నిజమే, కానీ చివరి ఏడాది అంబాసిడర్లు అమ్ముడుపోయింది రెండు వేల పైచిలుకు. అదే ఏడాది మారుతి దేశంలో పది లక్షలకు పైగా కార్లు అమ్మింది. ప్రేమించినవాళ్లు కోట్లమంది, కొన్నవాళ్లు రెండు వేలమంది. 2017లో ఆ పేరును ఫ్రెంచి కంపెనీ పుజో 80 కోట్లకు కొనుక్కుంది. ఆ పేరుతో కారు మాత్రం ఇంతవరకూ రాలేదు.

అంబాసిడర్ అనగానే "ఆ రోజుల్లో ఇనుము ఎంత గట్టిదో, ఇప్పటి కార్లు తగిలితే నలిగిపోతాయి" అంటారు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకూ, 2019 అక్టోబర్ నుంచి అమ్మే అన్ని కార్లకూ మన దేశంలో ఢీకొట్టే పరీక్ష తప్పనిసరి. గంటకు 56 కిలోమీటర్ల వేగంతో కారును తీసుకెళ్లి అడ్డుకట్టకు గుద్దిస్తారు. 56 కిలోమీటర్లంటే సెకనుకు పదిహేనున్నర మీటర్లు. కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలుగుతూ ఆగిందనుకోండి, లోపల బెల్టు పెట్టుకున్న మనిషి మీద పడే బలం అతని బరువుకు సుమారు 20 రెట్లు. నలగకుండా 20 సెంటీమీటర్లలోనే ఆగిందనుకోండి, అది 60 రెట్లు. ఆగే దూరం మూడో వంతైతే దెబ్బ మూడింతలు. బానెట్ నలగడమే కారు మనకు చేసే మేలు. నలగని కారులో ఆ దెబ్బ పక్కటెముకలు తింటాయి. బీచుపల్లి వంతెన మీదుగా 44వ నంబరు రహదారిపై ఇవాళ బండ్లు పోయే వేగం చూడండి. ఆ రోడ్డు మీద నా మనవలు 1950ల నాటి డిజైన్ కారులో వెళ్తామంటే నేను ఒప్పుకోను.

ఇంజన్ మార్చి, లోపలి చట్రం మార్చి, పైరూపం మాత్రం అదే ఉంచొచ్చు కదా? ఇక్కడ డబ్బు సంగతి వస్తుంది. ఇంట్లో మురుకుల గొట్టం చూశారు కదా. పిండి ఎంత కలిపినా బిళ్ల ఏదైతే మురుకు ఆకారం అదే. కారు రేకుకూ అలాంటి బిళ్లలే, డైలు అంటారు. ఒక్క తలుపు రేకు తయారు కావాలంటే ఒక డై సాగదీయాలి, ఒకటి అంచు కోయాలి, ఒకటి మడవాలి, ఒకటి రంధ్రాలు కొట్టాలి. టన్నుల బరువుండే ఉక్కు దిమ్మెలవి. మోడల్ ఆగాక చాలావాటిని తుక్కుకు వేస్తారు. మళ్లీ చేయించాలంటే కారు మొత్తానికి వందల కోట్లు. ఆ ఖర్చును లక్ష కార్ల మీద పంచితే ఒక్కో కారుకు వేలల్లో పడుతుంది, వెయ్యి కార్ల మీద పంచితే లక్షల్లో పడుతుంది. వెయ్యిమంది అభిమానుల ఉత్తరం అందుకున్న కంపెనీ మనిషి మొదట వేసే లెక్క ఇదే.

కొనేవాడు ఎదురుగా ఉంటే సంగతి వేరు. హైదరాబాద్ డబుల్ డెక్కర్ బస్సులు 2003 నాటికి కనుమరుగయ్యాయి. 2020 నవంబర్‌లో ఒక నగరవాసి ఆ బస్సులు మళ్లీ రావాలని ట్విట్టర్‌లో అడిగితే, అప్పటి మంత్రి కేటీఆర్ తన బడి రోజుల జ్ఞాపకాలు చెప్పి, తేవచ్చేమో చూద్దామన్నారు. 2023 ఫిబ్రవరి 7న మూడు బస్సులు రోడ్డెక్కాయి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మొత్తం ఆరింటికి ఆర్డరిచ్చింది, ఒక్కోటి 2 కోట్ల 16 లక్షలు. అవి కరెంటు బస్సులు. అశోక్ లేలాండ్ వారి స్విచ్ మొబిలిటీ అంతకుముందే ముంబై కోసం అలాంటివి తయారు చేసింది కాబట్టి పని తేలికైంది. అడిగినవాడు ఒకడే, కానీ చెక్కు రాసే చెయ్యి ఒకటి దొరికింది, చేసే కంపెనీ దగ్గర సరుకు సిద్ధంగా ఉంది. జావాలాగే టాటా సియెర్రా కారు కూడా 2025 నవంబర్‌లో మళ్లీ వచ్చింది. 1991 నాటి కారులోంచి మిగిలింది పేరూ, వెనక కిటికీ అద్దం తీరూ.

మరి మనవడు ఏం అడగాలి? నన్నడిగితే పార్టులు అడగాలి.

జపాన్‌లో మాజ్దా తన మొదటి తరం ఎంఎక్స్-5 కారుకు 2017లో పాత పార్టులు మళ్లీ చేయడం మొదలుపెట్టింది. టొయోటా 2020లో పాత సుప్రా పార్టులు తిరిగి ఇవ్వసాగింది. రెండూ సొంతదారులు అడగ్గా అడగ్గా జరిగినవే. కారు మొత్తానికి డైలు చేయడం కన్నా ఒక రబ్బరు బీడింగుకో గేరు చక్రానికో అచ్చు చేయడం వందల రెట్లు తేలిక. కొత్తగా పొగ పరీక్షలూ అక్కర్లేదు, పాత బండికి ఎలాగూ పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటుంది. మనవడి బండికి కావలసిందీ అదే. బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. ప్రతిసారీ బోరు వ్యాసం పావు మిల్లీమీటరు పెరిగి గోడ పలచబడుతుంది, నాలుగైదుసార్లయ్యాక ఇంక కోయడానికి వీలుండదు. అప్పుడు మంచి స్లీవు, మంచి రింగులు దొరకాలి. నకిలీ రింగులు వేస్తే నెలల్లోనే మళ్లీ పొగ.

ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. పాత రబ్బరు పైపులూ కార్బురేటర్ వాషర్లూ దానికి ఉబ్బి పగులుతాయి. పాత బండి ఉన్నవాళ్లు ముందు అవి మార్పించండి. వాడని రోజుల్లో ట్యాంకులో పెట్రోల్ నిలవ ఉంచకండి, ఇథనాల్ తేమను పీలుస్తుంది, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించడం మరవకండి. 2021 నియమాల ప్రకారం వింటేజ్ హోదా యాభై ఏళ్లు దాటిన బండికే. 1985 నాటి మొదటి ఆర్‌ఎక్స్‌కు కూడా అది 2035 దాకా దొరకదు.

కాబట్టి పిల్లలూ, సంతకాల కాగితం పక్కన పెట్టండి. మూడు జిల్లాల్లో నడుస్తున్న ఆర్‌ఎక్స్‌లు, యెజ్డీలు ఎన్నో ఊరూరా తిరిగి లెక్క తీయండి. ఏ పార్టు దొరక్క ఎన్ని బండ్లు షెడ్లలో ఆగాయో మెకానిక్‌లను అడిగి రాసుకోండి. అరిగిపోని పార్టు ఒకటి సంపాదించి పాలిటెక్నిక్ ల్యాబ్‌లో వెర్నియర్‌తో కొలతలు తీసి డ్రాయింగ్ గీయండి. "ఈ పార్టు ఇన్ని కావాలి, ఇంత ధరైతే ముందుగానే కడతాం" అని కంపెనీకి రాయండి. అలాంటి ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఉంది. డ్రాయింగ్‌లో కొలతలు సరిచూడటానికి నా దగ్గరికి ఏ ఆదివారమైనా రండి.