యజమాని ఎవరు?

"అయ్యగారూ, నా ఐడీ బ్లాక్ చేశారు. ప్రార్థన చేయండి."

ఒక బుధవారం రాత్రి కూడిక ముగిసిన తరువాత మా సంఘములోని ఒక యువకుడు నాతో అన్న మాట ఇది. డిగ్రీ చదివినవాడు. మూడేండ్లుగా మోటారు సైకిలు మీద ఇంటింటికీ భోజనం పార్సిళ్లు చేర్చే పని చేస్తున్నాడు. బండి వాయిదాలు, ఇంటి అద్దె, తల్లి మందులు అన్నీ ఆ సంపాదన మీదే నడవాలి.

ఎవరు ఆపారని అడిగాను. "తెలియదయ్యగారూ, ఫోన్‌లో అలా వచ్చింది" అన్నాడు. పార్సిలు అందలేదని ఎవరో కస్టమరు ఫిర్యాదు చేసి ఉంటారని అతని అనుమానం. సరే, రేపు ఆఫీసుకు వెళ్లి మాట్లాడదాం, నేనూ వస్తానన్నాను. అతడు చిన్నగా నవ్వి, "ఏ ఆఫీసుకు అయ్యగారూ?" అన్నాడు.

నా పరిచర్యలో పనివారి తరపున మేస్త్రీల దగ్గరకు, షాపు యజమానుల దగ్గరకు చాలాసార్లు వెళ్లాను. కొందరు కాఫీ ఇచ్చి మాట్లాడారు, కొందరు కసిరారు. ఏదైనా సరే, వెళ్లి నిలబడటానికి ఒక గడప ఉండేది. ద్రాక్షతోట కూలీల ఉపమానము మీకు తెలిసినదే. అక్కడ సణిగిన కూలివానికి కూడా యజమాని ఎదుట నిలిచి జవాబు చెప్పాడు. ఈ తమ్ముడికి సణగడానికి కూడా మనిషి దొరకలేదు.

ఇది ఒక్కరి కథ కాదు. మన దేశంలో 2020-21లో ఇటువంటి పనులలో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షల మంది అవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. కంపెనీలు వీరిని పనివారు అనవు, "పార్ట్‌నర్" అంటాయి. భాగస్వామి అంటే లాభములో పాలు, లెక్కలో మాట ఉండాలి కదా! ఇక్కడ ఒక్కొక్క డెలివరీకి ఎంత ఇవ్వాలో కంపెనీ నిర్ణయిస్తుంది. ఏ ఆర్డరు ఎవరికి పోవాలో కంపెనీ సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఎక్కువ కాదంటే ఇన్సెంటివ్ పోతుంది. పెట్రోలు, టైర్లు, పోలీసు చలానా మాత్రం భాగస్వామివి. హోటలు ముందు నలభై నిమిషాలు నిలబడితే ఆ నిలబడిన సమయం ఎవరి లెక్కలోనిది?

సరిగ్గా ఈ ప్రశ్నే బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. ఊబర్ డ్రైవర్లు స్వతంత్రులని, తాము మధ్యవర్తులము మాత్రమేనని కంపెనీ వాదించింది. ఒప్పంద పత్రంలో రాసుకున్న మాటలను కాక, పని ఎలా జరుగుతున్నదో కోర్టు చూసింది. ఛార్జీ ఎవరు నిర్ణయిస్తున్నారు? షరతులు ఎవరివి? ట్రిప్పులు కాదంటే ఎవరు శిక్షిస్తున్నారు? 2021 ఫిబ్రవరి 19న తీర్పు చెప్పి, డ్రైవర్లు కనీస వేతనము, జీతముతో కూడిన సెలవు పొందదగిన పనివారేనన్నది. తమకు లైసెన్సు ఉన్న ప్రాంతంలో యాప్ తెరిచి ట్రిప్పుకు సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని కూడా చెప్పింది. అంటే ఎదురుచూసిన గంట కూడా లెక్కలోకి వచ్చింది.

మన దేశం వేరే దారి పట్టింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వీరికి మొదటిసారిగా చట్టంలో ఒక పేరు ఇచ్చింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతం సామాజిక భద్రతా నిధికి కట్టాలి. అది ఆ పనివారికి చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించనక్కరలేదు. ప్రమాద బీమా, ఆరోగ్యం, ప్రసూతి, వృద్ధాప్యం వంటి వాటికి దానితో పథకాలు పెట్టవచ్చును. నేను దీనిని తక్కువ చేసి మాట్లాడను. 2023 జనవరిలో హైదరాబాదులో పార్సిలు ఇవ్వబోయిన ఒక యువకుడు, పెంపుడు కుక్క మీదికి రాగా మేడ మీదనుండి పడి చనిపోయాడు. అటువంటి ఇంటికి బీమా చిన్న సంగతి కాదు.

కాని అదే కోడ్ గిగ్ వర్కర్‌ను సాంప్రదాయిక యజమాని-ఉద్యోగి సంబంధమునకు వెలుపల పనిచేసేవాడని నిర్వచించింది. కనీస వేతనము, పని గంటలు అడగబోతే ఆ నిర్వచనమే అడ్డు వస్తుంది. చనిపోతే ఆదుకొనే ఏర్పాటు ఉన్నది. బ్రతికి పనిచేస్తున్నప్పుడు ఎవరిని అడగాలో లేదు.

రాష్ట్రాలలో మొదట రాజస్థాన్ 2023లో చట్టం చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఒక ముసాయిదా బిల్లు ప్రజల ముందు పెట్టింది. అదే సంవత్సరం చట్టం చేసిన కర్ణాటక ఇంకొక అడుగు వేసింది. పని నుండి తొలగించాలంటే కారణం రాతపూర్వకంగా తెలిపి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది. పనివారి ప్రశ్నలకు జవాబు చెప్పడానికి కంపెనీ ఒక మనిషిని నియమించాలన్నది. నాకు ఆ చట్టంలో సంక్షేమ నిధి కంటె ఈ రెండు మాటలే విలువైనవిగా కనిపించాయి.

నిబంధనలు బిగిస్తే పనులు తగ్గిపోతాయని కంపెనీలు అంటాయి. మా తమ్ముడు కూడా, "నాకు మేనేజరు అరుపులు అక్కర్లేదయ్యగారూ, ఇష్టమైనప్పుడు బండి తీసే ఈ పనే మేలు" అంటాడు. అందులో నిజం లేకపోలేదు. అతడు గుమాస్తా కుర్చీ అడగడం లేదు. పని ఆపేస్తే ఎందుకో చెప్పమంటున్నాడు, అంతే.

మన వంతు కూడా కొంత ఉన్నది. మా ఇంట్లోనూ ఆర్డర్లు పెడతాము, ఆలస్యమైతే ముఖం చిట్లించుకుంటాము. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ కలుగజేసుకున్న తరువాత, 'పది నిమిషాలలో' అన్న మాటను ఒక పెద్ద కంపెనీ తన ప్రకటనల నుండి తీసివేసింది. ఆ మాటకు ముచ్చటపడి కొన్నది మనమే.

తొమ్మిదవ రోజున ఆ తమ్ముడి ఐడీ తెరుచుకుంది. కారణం ఎవరూ చెప్పలేదు. ఆ నెల బండి వాయిదా మాత్రం తప్పింది. తరువాతి శనివారం అతని చేత, అతని స్నేహితులు నలుగురి చేత ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేర్లు నమోదు చేయించాము. ఆధార్, దానికి జతచేసిన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా దగ్గర ఉంచుకుంటే పని సులభం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన గుర్తింపు కార్డుకు ఇదే దారి. మీ సంఘాలలో ఇటువంటి పిల్లలు ఉంటే యువజన కూడికకు కొంచెం ముందుగా పిలిచి కూర్చోబెట్టండి. ఆదివారం మాత్రం పిలవకండి, ఆ రోజు వారికి ఆర్డర్లు ఎక్కువ.