మీకు తెలుసా? పిండితే నీళ్లు కారే పుట్టగొడుగు

పుట్టగొడుగు అనగానే పైన గొడుగు, కింద కాడ కళ్లముందు మెదులుతాయి. ఆ రెండూ లేని పుట్టగొడుగు ఒకటి 2010లో మలేసియాలో దొరికింది. బోర్నియో దీవిలోని సారవాక్ రాష్ట్రంలో లాంబిర్ హిల్స్ నేషనల్ పార్కు ఉంది. అక్కడ 52 హెక్టార్ల అడవి ముక్కలోనే వెయ్యికి పైగా రకాల చెట్లను లెక్కపెట్టారు. అలాంటి చోట ఇది నేలమీద నారింజరంగు ముద్దలా, ఒళ్లంతా గుంతలతో కనిపించింది. పట్టుకుని పిండితే నీళ్లు కారాయి. వదిలేస్తే మళ్లీ ఉబ్బి మామూలుగా అయిపోయింది. అచ్చం స్నానాల గదిలోని స్పాంజే!

ఎందుకీ అవతారం? మామూలు పుట్టగొడుగుకు గొడుగు ఉండేది సిద్ధబీజాలు ఎండిపోకుండా కాపాడటానికి, కాడ ఉండేది వాటిని గాలికి అందేంత ఎత్తులో నిలపడానికి. గాలిలోనే తేమ నిండిన అడవిలో దీనికి వేరే ఉపాయం దొరికినట్టుంది. ఎండిపోయినా కాస్త తడి తగిలితే చాలు, తిరిగి తేరుకుంటుంది. దీనికి వాసన కూడా ఉంది. పండు వాసన అని రాశారు, ముక్కవాసన అని కూడా రాశారు. బహుశా ముక్కును బట్టి కావచ్చు!

ఇలాంటిది చేతికి చిక్కితే, కొత్త జాతో కాదో తేల్చడం అంత సులువు కాదు. పుట్టగొడుగును ఆరబెట్టి దాచాలి. ఆరితే రంగు మారుతుంది, వాసన ఎగిరిపోతుంది. అందుకే వాటిని అడవిలో ఉండగానే రాసుకోవాలి. తర్వాత మైక్రోస్కోపు కింద సిద్ధబీజాల ఆకారం, కొలతలు చూస్తారు. బలమైన క్షారం చుక్క వేసి రంగు మారుతుందేమో చూస్తారు. ఇది ఊదారంగుకు తిరిగింది. చివరికి డీఎన్‌ఏ అసలు చుట్టరికం బయటపెట్టింది. ఈ స్పాంజి ముద్ద బోలెటేసీ కుటుంబానిదట. అంటే యూరప్‌లో లొట్టలేసుకుని తినే పోర్చీని పుట్టగొడుగుకు బంధువన్నమాట! చూపులకైతే ఎవరూ నమ్మరు. మరీ దగ్గరి చుట్టం థాయ్‌లాండ్‌లోని ఖావో యాయ్ అడవిలో ఉంది. 2009లో దానికి స్పాంజిఫార్మా థాయ్‌లాండికా అని పేరు పెట్టారు. అది మాత్రం తారు వాసన కొడుతుంది.

మరి బోర్నియో దానికి ఏం పేరు పెట్టారు? డెనిస్ డెజార్డిన్, కబీర్ పే, థామస్ బ్రన్స్ అనే శాస్త్రవేత్తలు కార్టూన్ బొమ్మ స్పాంజ్‌బాబ్ స్క్వేర్‌పాంట్స్‌ను తలుచుకుని ‘స్పాంజిఫార్మా స్క్వేర్‌పాంట్సీ’ అన్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో సిద్ధబీజాలు పుట్టే పొర కూడా గొట్టాల స్పాంజిలు పరుచుకున్న సముద్రపు అడుగులాగే కనిపించింది మరి. ఆ కార్టూన్ వీరుడు ఉండేదీ అక్కడే. ‘మైకాలజియా’ పత్రిక సంపాదకులకు మొదట ఇది వేళాకోళంలా తోచి, పేరు మార్చమన్నారు. శాస్త్రవేత్తలు పట్టు వదల్లేదు. 2011లో అదే పత్రికలో, అదే పేరుతో అచ్చయింది.